మూడు వందల ఏళ్ళ చిత్రిక

ఆ వీధిలో అందరూ ఆయన్ని ఎదురుగా మేస్త్రిగారూ అంటారు, ఆయన అటు తిరగగానే అరమిల్లీ అంటారు. అసలు పేరు ఆయన భార్యకైనా గుర్తుందో లేదో అనుమానమే. కొత్త టేపు కొని, ఇంటికి తెచ్చి, ఇంట్లో ఉన్న మూడు టేపులతో సరిచూసి, అరమిల్లీమీటరు తేడా ఉందని తిరిగి షాపుకి పట్టుకెళ్ళిన ఘనుడు మరి. షాపాయన ఓపిగ్గా విని, అయితే మీ మూడూ తప్పేమో ఒకసారి చూసుకోండి అన్నాడట. అంతే, ఆయన ఆ షాపు వైపు చూడటం మానేసి పదకొండేళ్ళయింది.

ఎవరింటికైనా తలుపు బిగించడానికి వెళితే ముందు గోడ వంకరగా ఉందని చెబుతాడు. తర్వాత నేల వంకరగా ఉందని చెబుతాడు. ఇల్లు పడగొట్టి కట్టుకోమని ఇంకా ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అరవై నాలుగేళ్ళు వచ్చాయి, చేతిలో పని మాత్రం తగ్గలేదు. ఎందుకంటే ఆయన నోరు భరించగలిగితే పనికి వంక పెట్టలేం.

దుకాణం ముందు ఒక బోర్డు ఉంటుంది. అందులో ఆయన పేరు కన్నా వాళ్ళ నాన్న ముచ్చటే పెద్ద అక్షరాల్లో ఉంటుంది. 'దారుశిల్ప శిరోమణి బిరుదు పొందిన వారి కుమారుడు' అని. ఆ బిరుదు ఇచ్చింది ఊళ్ళోని వడ్రంగుల సంఘం. పెద్దాయన ఒంటి పలకని లోపలికి తొలిచి, మనిషి కూర్చుంటే ఒళ్ళు అచ్చంగా ఒదిగిపోయేలా పన్నెండు కుర్చీలు చేశాడని ఇచ్చారు. ఆ కుర్చీలు ఇప్పటికీ సంఘం హాల్లో వేదిక మీద ఉన్నాయి. గంటన్నర ఉపన్యాసం ఇచ్చేవాళ్ళు, దాన్ని వినలేక నిద్రపోయేవాళ్ళు, అందరూ వాటిలోనే హాయిగా కూర్చుంటారు.

ఈ సంఘానికి అధ్యక్షుడు ఒకాయన ఉన్నాడు. ఫర్నిచర్ షోరూము ఓనరు. జీవితంలో రంపం పట్టుకున్నది ఒక్కసారే, అదీ ఫొటో కోసం, అదీ తిరగేసి. సంఘానికి డెబ్భై అయిదేళ్ళు నిండుతున్నాయని ఆయనకి హడావుడి ఎక్కువై అటక దులిపించాడు. అటక మీద ఎలుకలు వదిలేసిన రిజిస్టర్లు, కాళ్ళు లేని ఒక బెంచీ, మూత ఊడిన ఒక చెక్కపెట్టె దొరికాయి. పెట్టెలో తుప్పు పట్టిన ఉలులు, సుత్తులు, వాటి అడుగున ఒక చిత్రిక.

చిత్రికంటే అందరికీ తెలిసిందే, చెక్కని నునుపు చెయ్యడానికి ముందుకి తోసే పనిముట్టు. దాని అడుగు చదునుగా ఉంటుంది, ఉండాలి కూడా. ఈ చిత్రిక అడుగు మాత్రం చేప పొట్టలా ఉబ్బి ఉంది. పైన పిడి నడిమధ్యలో లేదు, ఒక పక్కకి ఒరిగి ఉంది. ముందు భాగంలో వేలు పట్టేంత గుంట ఒకటి ఉంది. చెక్క నల్లగా, ఇనుమంత బరువుగా ఉంది. అధ్యక్షుడు దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, ఇది చాలా పాతదని తేల్చేశాడు. ఆయన తేల్చడానికి కారణం దాని మీద ఉన్న దుమ్ము.

దుమ్ముకి ధ్రువీకరణ కావాలి కదా, అందుకని ఒక ప్రొఫెసరుగారిని పిలిపించారు. పాత పనిముట్ల మీద ఆయన మూడు పుస్తకాలు రాశాడు. చేతిలో ఒక్క పనిముట్టూ ఎప్పుడూ పట్టలేదు కాబట్టి నిష్పక్షపాతంగా రాశాడని పేరు. ప్రొఫెసరుగారు భూతద్దం పెట్టి అరపూట చూశాడు. ఉబ్బిన అడుగుని బట్టి ఇది ఓడల పక్కపలకలు తొలిచేదని చెప్పాడు. పక్కకి ఒరిగిన పిడిని బట్టి సముద్రానికి అవతల ఎక్కడో చేసిందని చెప్పాడు. ముందున్న గుంటలో ఓడ నడిపేవాళ్ళు ప్రార్థన కోసం నూనె పోసేవాళ్ళని చెప్పాడు. మొత్తం మీద మూడు వందల ఏళ్ళ నాటిదని, తక్కువైతే రెండు వందల ఎనభై అని, ఆ ఇరవై ఏళ్ళు పెద్ద మనసుతో తగ్గించి ఇచ్చాడు. ఆ ఊరికి సముద్రం కనీసం రెండు రోజుల ప్రయాణం. అయినా ఎవరూ నోరెత్తలేదు.

వచ్చే ఆదివారం సభలో దాన్ని అద్దాల పెట్టెలో పెడతామని, ఈలోగా శుభ్రం చేసి ఇమ్మని అరమిల్లీ చేతికి అప్పగించారు. మిమ్మల్ని మించిన చెయ్యి ఈ ఊళ్ళో లేదండి మేస్త్రిగారూ, అన్నాడు అధ్యక్షుడు. అరమిల్లీ అది పొగడ్త అనుకోలేదు, సమాచారం అనుకున్నాడు.

దుకాణంలో బల్ల మీద పెట్టి మొదట బ్లేడు ఊడదీశాడు. అడుగు ఉబ్బుగా ఉంది కాబట్టి బ్లేడు అంచు కూడా గుండ్రంగానే ఉంది. అది సరే. కానీ ఆ గుండ్రానికి ఎత్తు మధ్యలో లేదు, ఎడమ పక్కకి జరిగి ఉంది. ఆయనకి ఒళ్ళు మండింది. మూడు వందల ఏళ్ళ కిందట ఎవడో తలమాసినవాడు సానపెట్టడం రాక దీన్ని పాడుచేశాడని, వాడు కనిపిస్తే నాలుగు చీవాట్లు పెట్టాలని అనుకున్నాడు. వాడు ఎలాగూ దొరకడు కాబట్టి సానరాయి తీసి, రెండు గంటలు కూర్చుని, ఎత్తుని సరిగ్గా నడిమధ్యకి తెచ్చాడు. మూలమట్టం పెట్టి చూసుకున్నాడు. ఇటు ఎంతో అటూ అంతే వచ్చింది. తృప్తిగా బ్లేడు బిగించి, ఎలా నడుస్తుందో చూద్దామని ఒక పలక మీద పెట్టి తోశాడు.

నడవలేదు. పిడి ఆయన కుడి అరచేతిని పొడుచుకుంది. చూపుడు వేలికి ముందు గుంట అందలేదు. రెండోసారి తోశాడు, మూడోసారి తోశాడు, చిత్రిక గింజుకుందే తప్ప కదల్లేదు. విసుగొచ్చి, చూద్దాం పోనీ అని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. పిడి చేతిలో చక్కగా కూర్చుంది. చూపుడు వేలు తనంత తాను వెళ్ళి గుంటలో దిగింది.

ఈ పట్టు ఆయన చిన్నప్పుడు దూరం నుంచి చూసిందే, నలభై ఆరేళ్ళ తర్వాత ఇప్పుడు గుర్తొచ్చింది. సముద్రం అవతల వాళ్ళెవరూ చెయ్యలేదు దీన్ని. వాళ్ళ ఇంటి వెనక షెడ్డులోనే, యాభై ఒక్క ఏళ్ళ కిందట, ఎడమచేతి వాటం ఉన్న ఒక పంతొమ్మిదేళ్ళ అమ్మాయి చేసింది. ఆ అమ్మాయి ఆయన అక్క. ఇప్పుడు డెబ్భై ఏళ్ళు. ఆయన ఇంట్లోనే, వెనక గదిలో, కిటికీ పక్కన కూర్చుని ఉంది.

ఇక్కడ కొంచెం పాత సంగతి చెప్పుకోవాలి. అరమిల్లీకి ఎంత ఇష్టం లేకపోయినా చెప్పుకోవాలి.

వాళ్ళ నాన్నకి తలుపులు, కిటికీలు బాగా వచ్చు. కుర్చీ పలక తొలచడం మాత్రం చేతకాలేదు. ఆ పని అక్క చేసేది. నాన్న పనిముట్లన్నీ కుడిచేతి వాటానివి కాబట్టి తన చేతికి తగ్గ చిత్రికని తానే తొలుచుకుంది, బ్లేడు తన తోపుకి తగ్గట్టు తానే సానపెట్టుకుంది. పన్నెండు కుర్చీలూ ఆ చేతి కిందే తయారయ్యాయి. బిరుదు ఇచ్చే రోజున ఆమె ఇంట్లో ఉంది. సంఘం సభలకి ఆడవాళ్ళు రావచ్చని అప్పటికి ఎవరికీ తోచలేదు. తర్వాత కూడా తోచడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

అరమిల్లీకి పద్దెనిమిది నిండగానే షెడ్డులో రెండో బల్ల కావాల్సి వచ్చింది. రెండో బల్ల అక్కది. బిరుదు వచ్చిన ఇంట్లో ఆడపిల్ల చెక్కపని చేస్తోందని నలుగురికీ తెలిస్తే బాగుండదని నాన్న ఆలోచించాడు. ఆ కుర్చీల సంగతి తెలిస్తే అసలే బాగుండదని గట్టిగా ఆలోచించాడు. ఒకరోజు ఆమె పనిముట్లన్నీ పెట్టెలో సర్ది, సంఘానికి విరాళమని పంపించేశాడు. ఇంటికొచ్చి, షెడ్డులో చెదలు పట్టి అన్నీ తినేశాయని చెప్పాడు. కావాలంటే తమ్ముణ్ణి అడుగు అన్నాడు. ఆమె అడిగింది. తమ్ముడు తలూపాడు.

ఆ పెట్టె భుజాన వేసుకుని సంఘం మెట్లెక్కింది ఆ తమ్ముడే.

చెదలు ఇనప ఉలులు ఎలా తింటాయిరా అని ఆమె ఒక్కసారి అడిగింది. బట్టల షాపులో బొత్తాలు, దారాలు అమ్మే కౌంటరు దగ్గర చేరి ముప్ఫై నాలుగేళ్ళు నిలబడింది. అప్పుడప్పుడు, ఏడాదికో రెండేళ్ళకో, భోజనాల దగ్గర ఉన్నట్టుండి, నా చిత్రిక లాంటిది మళ్ళీ చెయ్యాలంటే అలాంటి చెక్క దొరకదు కదా అనేది. అరమిల్లీ అప్పుడు పళ్ళెంలోకి చూసేవాడు.

ఇప్పుడు ఆ చిత్రిక ఆయన బల్ల మీదే ఉంది. ఆదివారం దాకా ఆగితే అద్దాల పెట్టెలోకి వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఓడలవాళ్ళ పేరుతో తాళం పడుతుంది, అక్క ఇక దాన్ని ముట్టుకోలేదు. నోరు విప్పితే నాన్న బిరుదు పోతుంది. బోర్డు పోతుంది. అన్నిటికన్నా ముందు, తలూపిన సంగతి అక్కకి చెప్పాల్సి వస్తుంది. ఇంకో ముచ్చటైన విషయం ఏమిటంటే, పిడి ఎడమచేతి వాళ్ళెవరిదైనా కావచ్చు, అక్క తోపు గుర్తు ఉన్నది ఒకే ఒక్క చోట, బ్లేడు అంచులో. దాన్ని ఆయన రెండు గంటలు కష్టపడి, మూలమట్టం పెట్టి మరీ చెరిపేశాడు.

నాలుగు రోజులు చిత్రికని గుడ్డలో చుట్టి బల్ల కింద దాచాడు. అక్క దుకాణంలోకి వస్తే ఉలిక్కిపడ్డాడు. ఏమిట్రా ఆ మొహం అని ఆమె అడిగితే కడుపునొప్పి అన్నాడు. ఆమె మాత్ర తెచ్చి ఇచ్చింది. ఏ రోగమూ లేకుండా నాలుగు రోజులు మాత్రలు మింగాడు, అదొక శిక్ష అనుకుంటే అనుకోవచ్చు.

ఆదివారం పొద్దున హాలు నిండిపోయింది. వేదిక మీద పన్నెండు కుర్చీలు, వాటిలో పన్నెండుమంది పెద్దలు. ప్రొఫెసరుగారు నలభై నిమిషాలు మాట్లాడాడు. ఓడ బయల్దేరింది, తుఫానులో చిక్కుకుంది, వడ్రంగి ఒక్కడే ప్రాణాలతో బయటపడ్డాడు, చిత్రికని గుండెలకి హత్తుకుని ఈ ఊరు చేరాడు. మొదటివారం లేని తుఫాను ఈ వారానికి ఎలా వచ్చిందో ఎవరూ అడగలేదు. వెనక వరసలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు కూడా.

తర్వాత చిత్రికని శుభ్రం చేసిన మేస్త్రిగారిని రెండు ముక్కలు మాట్లాడమన్నారు. అరమిల్లీ లేచాడు. మైకు ఎత్తు సరిగా లేదని సరిచేశాడు. మళ్ళీ సరిచేశాడు. ఇక సరిచెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

“ఈ చిత్రిక మా అక్కది,” అన్నాడు. “ఆ కుర్చీలు కూడా మా అక్క చేసినవే. మా నాన్న ఒక్కటీ చెయ్యలేదు.”

ముందుగా తేరుకున్నది అధ్యక్షుడు. మేస్త్రిగారికి ఒంట్లో బాగాలేదని, ఎవరైనా మంచినీళ్ళు ఇవ్వండని అన్నాడు. రుజువు ఏదీ అన్నాడు ప్రొఫెసరుగారు, ఆయన ఓడ అప్పటికే సగం మునిగింది పాపం. అరమిల్లీ వేదిక ఎక్కి, అధ్యక్షుణ్ణి లేవమని, ఆయన కుర్చీని తిరగేశాడు. పైన అంతా అద్దంలా నునుపుగా ఉన్న ఆ పలకకి అడుగున, ఎవరూ చూడరని వదిలేసిన చోట, చిత్రిక నడిచిన చాళ్ళు ఉన్నాయి. ప్రతి చాలూ ఒక పక్కకి లోతుగా ఉంది. అన్నీ ఎడమ నుంచి ఒరిగి వచ్చాయి. కుడిచేతి మనిషి తల్లకిందులుగా వేలాడితే తప్ప అలా రావు. ఇంకో కుర్చీ తిరగేశాడు, ఇంకొకటి. ఇన్నేళ్ళూ పెద్దలంతా రుజువు మీదే కూర్చుని రుజువు అడుగుతున్నారన్నమాట.

మరి ఈ బ్లేడు అలా లేదే, ఎత్తు మధ్యలో ఉందే, అన్నాడు ప్రొఫెసరుగారు భూతద్దం పెట్టి.

అది నేనే సరిచేశాను, అన్నాడు అరమిల్లీ.

అంతవరకూ నమ్మనివాళ్ళు కూడా ఆ ఒక్క మాటతో నమ్మేశారు. హాల్లో సగం మంది ఇళ్ళల్లో ఆయన అడగకుండానే ఏదో ఒకటి సరిచేసి వచ్చినవాడే. చెయ్యకుండా ఎలా ఉంటాడు అని ఎవరో అన్నారు, నవ్వులు లేచాయి.

ఇక సంఘం సంఘంలాగే ప్రవర్తించింది. విషయం పరిశీలించడానికి ముగ్గురితో కమిటీ వేశారు. ముగ్గురూ మగవాళ్ళు, ముగ్గురూ కుడిచేతివాళ్ళు. ప్రొఫెసరుగారు ఓడని వదిలేసి, స్థానిక ఎడమచేతి పనితనం మీద తాను ఎప్పటినుంచో రాద్దామనుకుంటున్నానని ప్రకటించాడు. విరాళంగా వచ్చిన వస్తువు సంఘం ఆస్తి కాబట్టి అద్దాల పెట్టె ఏర్పాటు అలాగే ఉంటుందని, కావాలంటే చీటీ మీద అక్కగారి పేరు కూడా వేద్దామని అధ్యక్షుడు ఉదారంగా అన్నాడు. మా నాన్నది కాని వస్తువుని మా నాన్న ఎలా ఇస్తాడండీ అన్నాడు అరమిల్లీ. చిత్రికని సంచీలో వేసుకుని బయటికి నడిచాడు. అడ్డుపడదామని లేచినవాళ్ళకి తిరగేసిన కుర్చీలు అడ్డొచ్చాయి.

దారి పొడుగునా ఎలా చెప్పాలా అని ఆలోచించాడు. సభలో చెప్పడమే తేలికని అప్పుడు తెలిసింది. ఇంటికొచ్చేసరికి అక్క చొక్కాకి బొత్తాం కుడుతోంది, ఆయన చొక్కాకే. సంచీలోంచి చిత్రికని తీసి ఆమె ముందు పెట్టాడు.

ఆమె సూది పక్కన పెట్టింది. కాసేపు చూసింది. ముట్టుకోలేదు.

“చెదలు తిన్నాయన్నాడు నాన్న.”

“తినలేదక్కా. పెట్టెలో పెట్టి సంఘానికి పంపాడు. మోసుకెళ్ళి ఇచ్చింది నేనే.”

“అడిగితే తలూపావు.”

“ఊపాను.”

ఆమెకి కోపం వచ్చింది. దుఃఖమూ వచ్చింది, కానీ ముందు కోపమే వచ్చింది. నలభై ఆరేళ్ళ పాటు చెదల్ని తిట్టుకున్నాను కదరా, పాపం నోరులేని పురుగుల్ని, అంది. అరమిల్లీ నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చుందామని చూశాడు, ఆమె కూర్చోమనలేదు.

చివరికి చిత్రికని ఎడమచేత్తో ఎత్తింది. వేలు గుంటలోకి వెళ్ళింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. తిరగేసి, బొటనవేలితో బ్లేడు అంచు తడిమింది. ఆగింది. మళ్ళీ తడిమింది.

“దీన్ని ఎవరు చెడగొట్టారు?”

“నేనే. నీదని తెలియక సరిచేశాను.”

“అన్నేళ్ళు నోరు మూసుకున్నవాడివి, చేతులు కూడా ముడుచుకుని కూర్చోవాల్సింది.”

ఆమె లేచి దుకాణంలోకి నడిచింది. బల్ల మీద నీ సామాను తీసెయ్ అంది. అరమిల్లీ తీసేశాడు. అన్నీ తీసేదాకా ఆమె ఆగింది. తర్వాత సానరాయి ముందు కూర్చుని, టేపు అడగకుండా, మూలమట్టం ముట్టకుండా, వేలితో తడుముకుంటూ ఎత్తుని మళ్ళీ తన పక్కకి తెచ్చుకుంది. చూస్తూ ఊరుకోవడం ఆయనకి ప్రాణం మీదకి వచ్చింది, అయినా ఊరుకున్నాడు.

పలక పెట్టి తోసింది. చిత్రిక జానెడు దూరం నడిచి ఆగిపోయింది. మణికట్టులో బలం లేదు. ఇంకోసారి తోసింది, అక్కడే ఆగింది. ఇరవై నాలుగేళ్ళప్పుడు పొద్దుటినుంచి సాయంత్రం దాకా తోసిన చెయ్యి అది. ఆమె ఊపిరి తీసుకుని చేతిని చూసుకుంది.

“చెయ్యి వెయ్యనా అక్కా?”

“వద్దు. నువ్వు చెయ్యి వేస్తే రేపు నువ్వే చేశావంటారు. పలక జరుగుతోంది, అటు పట్టుకో.”

ఆయన బల్ల చివరికి వెళ్ళి పలకని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. ఆమె మళ్ళీ తోసింది.